జెరాంటాలజీ మైనర్‌గా చదివాక మూడేళ్లకు నా అనుభవం

డిగ్రీలో నా మేజర్ సోషల్ వర్క్. మైనర్‌గా, అంటే మేజర్‌తో పాటు చదివే రెండో సబ్జెక్ట్‌గా, జెరాంటాలజీ, అంటే వృద్ధాప్య శాస్త్రం తీసుకున్నాను. బెంగళూరులో చదువు పూర్తయి మూడేళ్లయింది. ఇప్పుడు నరసన్నపేట, టెక్కలి చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్ల బాగోగులు చూస్తున్నాను. ఈ సబ్జెక్ట్ తీసుకోవచ్చా అని జూనియర్లు అడుగుతుంటారు. నేనైతే మళ్లీ ఇదే తీసుకుంటాను.

దీనివల్ల నేను అడిగే మొదటి ప్రశ్నే మారిపోయింది. ఇదివరకు షుగర్ ఎంత, బీపీ ఎంత అని అడిగేదాన్ని. 1963లో కాట్జ్ అనే డాక్టర్ బృందం ఇచ్చిన జాబితా క్లాసులో చెప్పారు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. వీటిలో ఏది సొంతంగా చేసుకోగలుగుతున్నారు అన్నదే లెక్క. సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మమ్మను అలాగే అడిగాను. సాయంత్రం అయిదు దాటాక ఆవిడ మంచినీళ్లే తాగడం లేదు. మరుగుదొడ్డి పెరట్లో, రెండు మెట్లు దిగాలి, చీకటి. మూత్రంలో మంట, నీరసం ఉంటే వయసు మీద పడిందనుకున్నాం అందరం. మెట్ల దగ్గర ఒక బల్బు, పట్టుకోవడానికి ఒక ఇనుప పైపు పెట్టించాం. నెల తిరిగేసరికి రాత్రిళ్లు కూడా మంచినీళ్ల చెంబు పక్కనే ఉంటోంది.

నచ్చనిదీ చెప్పాలి. మతిమరుపు పరీక్షల్లో ఎక్కువగా వాడే ఎంఎంఎస్ఈ 1975 నాటిది. అందులో వందలోంచి ఏడేడు తీసేస్తూ పోవాలి, ఒక వాక్యం రాయాలి. బడి ముఖం చూడని మనిషిని అలా అడిగితే ఏం తేలుతుంది? తారీకు అడిగితే అమ్మమ్మ, "తారీకు నాకేటి తెలుస్తాదే? నాగులచవితెల్లి నాలుగు రోజులయింది" అంది. లెక్క సరిగ్గా ఉంది, కాగితం మీద మాత్రం సున్నా. చదువు రానివారి కోసం హిందీలో ఒక పరీక్ష ఉందన్నారు. సిక్కోలు యాసలో ఎలా అడగాలో మాత్రం నాకు నేనే నేర్చుకోవాల్సి వచ్చింది.

కోర్సులో మందుల గురించి చదివిన పేపరు ఇక్కడ చాలా పనికొచ్చింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మనందరికీ తెలుసు. అక్కడి పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో బిళ్లలు కొని మింగేస్తుంటారు. వయసుతో కిడ్నీల పని ఎలాగూ తగ్గుతుంది, నొప్పి బిళ్లలు ఇంకా దెబ్బ తీస్తాయి. అందుకే ఏ ఇంటికి వెళ్లినా ముందు మందుల సంచీ తీయమంటాను.

2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా సిలబస్‌లో ఉంది. పిల్లలకు భూమి రాసిచ్చేటప్పుడే "నన్ను చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులో పెట్టించుకోమని ఇప్పుడు ప్రతి ఇంట్లో చెబుతున్నాను. ఆ షరతు ఉండి, పిల్లలు చూడకపోతే, ఆ చట్టం కింద ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ రాసివ్వడాన్ని రద్దు చేయించుకోవచ్చు.

ఉద్యోగం మాత్రం ఈ మైనర్ ఒక్కదానితో రాదు. నేను వెళ్లిన ఒక ఇంటర్వ్యూలో దాన్ని లెక్కలోకే తీసుకోలేదు, చాలా బాధపడ్డాను. నర్సింగ్, ఫిజియోథెరపీ, సైకాలజీ, సోషల్ వర్క్, వీటిలో ఏదో ఒకటి మేజర్‌గా ఉండాలి. చేరేముందు ఫీల్డ్ వర్క్ ఎన్ని గంటలో అడగండి. మాకు వారానికి ఒక్క రోజే, అది చాలలేదు. ఇంకో మాట. ఫీజు కట్టకముందే మీ వీధిలో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన దగ్గర ఒక పూట కూర్చోండి. ఆయన చెప్పిందే మూడోసారి చెబుతున్నా వినాలనిపిస్తే చేరిపోండి.