మూడేళ్లు వాడిన వాటర్ జాకెట్ మోటార్: నీరు చేసే పని ఎంత, అమరిక చేసే పని ఎంత

67 సెంటీమీటర్ల పొడవున్న నా రేడియో కంట్రోల్ పడవలో వాటర్ జాకెట్ (మోటార్ చుట్టూ చల్లటి నీరు పారేలా తొడిగే లోహపు తొడుగు) తొడిగిన బ్రష్‌లెస్ మోటార్‌ను బిగించి మూడేళ్లు దాటింది. మోటార్ సైజు 3660, అంటే 36 మిల్లీమీటర్ల వ్యాసం, 60 మిల్లీమీటర్ల పొడవు, కేవీ 2070 (భారం లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి 2070 చుట్లు), బ్యాటరీ నాలుగు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్). వారానికి ఒకటి రెండు సార్లు నడిపే పడవలో ఇంతకాలం మన్నిన మోటార్ గురించి మంచి మాటే చెప్పాలి గానీ, ఆ మన్నికలో జాకెట్ వాటా నేను మొదట అనుకున్నంత లేదని ఒప్పుకోక తప్పదు.

తొలి నెలల్లో మోటార్ చేయి పెట్టలేనంతగా కాలిపోయేది. లోపం చల్లబరిచే ఏర్పాటులోనే ఉందనుకుని సిలికాన్ గొట్టాన్ని లావుది వేశాను, నీరు తీసుకునే గొట్టాన్ని చుక్కాని నుంచి ప్రొపెల్లర్ వెనక్కి మార్చాను. పడవ పక్క నుంచి చిమ్మే నీటిధార బలంగానే కనిపించేది, మోటార్ మాత్రం ఐదు నిమిషాలకే 90 డిగ్రీలు దాటేది. చివరకు 42 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ తీసేసి, అదే పిచ్ నిష్పత్తి (ఒక చుట్టుకు ముందుకు జరిగే దూరానికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి) ఉన్న 40 మిల్లీమీటర్లది వేశాను. అదే చెరువు, అదే బ్యాటరీ, అవే ఐదు నిమిషాలు. మోటార్ 60 దగ్గర ఆగింది.

రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఒకే వేగంతో తిరిగేటప్పుడు ప్రొపెల్లర్ అడిగే శక్తి దాని వ్యాసపు ఐదో ఘాతంతో పెరుగుతుంది కనుక, వ్యాసం 5 శాతం పెరిగితే భారం దాదాపు 28 శాతం పెరుగుతుంది; తీగచుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కనుక అది ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. భారానికి మోటార్ కొంత నెమ్మదిస్తుంది కాబట్టి నీటిలో లెక్క ఇంత కచ్చితంగా రాదు, అయినా పోకడ ఇదే.

జాకెట్ పనికిరాదని కాదు. తీగచుట్టలున్న స్టేటర్ మోటార్ పైడబ్బాను ఆనుకుని ఉంటుంది, అందువల్ల దాని వేడిని నీరు బాగానే లాగేస్తుంది. మధ్యలో తిరిగే రోటార్‌కూ దాని మీది నియోడిమియం అయస్కాంతాలకూ చుట్టూ గాలి సందే కాబట్టి వాటి వేడి అంత తేలికగా బయటికి రాదు. సాధారణ రకపు నియోడిమియం అయస్కాంతానికి 80 డిగ్రీలే హద్దు. మోటార్లలో అంతకు మించి తట్టుకునే రకాలు వాడతారు గానీ, పైడబ్బా చల్లగా ఉంది కదా అని లోపలా క్షేమమే అనుకోవడం పొరపాటు. పైగా మెరిసే అల్యూమినియం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. జాకెట్ కప్పని వెనుక మూత మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించి అక్కడే కొలుస్తాను. పై అంకెలన్నీ అలా కొలిచినవే. టేపు వేసిన తొలిరోజు అంకె ఒక్కసారిగా 20 డిగ్రీలు ఎగబాకితే మోటారే పాడైందని కంగారుపడ్డాను.

జాకెట్ మీద నా ఫిర్యాదల్లా ఓ-రింగుల (నీరు కారకుండా ఆపే రబ్బరు వలయాల) గురించే. ఒకరోజు బ్యాటరీ కింద రెండు చెంచాల నీళ్లు కనిపించాయి. విప్పి చూస్తే, తొడిగేటప్పుడు జాకెట్ అంచు ఒరుసుకుని వెనుక ఓ-రింగు సన్నగా తెగి ఉంది. అప్పటినుంచి సిలికాన్ గ్రీజు పూసి, మెలితిప్పుతూ నెమ్మదిగా జరుపుతాను. ఆ తర్వాత ఒక గొట్టాన్ని వేలితో మూసి, రెండో గొట్టంలో నోటితో ఊది, గాలి నిలుస్తోందో లేదో చూస్తాను.

అమరికలో అన్నిటికన్నా ఓపిక అడిగేది ఫ్లెక్స్ షాఫ్ట్, అంటే మోటార్ నుంచి ప్రొపెల్లర్‌కు తిప్పుడు అందించే వంగే తీగ కడ్డీ. దాన్ని మోటార్‌కు కలిపే కప్లింగ్‌ను వదులు చేసి వేళ్లతో తిప్పినప్పుడు షాఫ్ట్ ఎంత తేలికగా తిరుగుతుందో, బిగించాకా అంతే తేలికగా తిరగాలి. లేదంటే మోటార్ వరుస తప్పినట్టే. నాది ఒక మిల్లీమీటరు కిందికి ఉండేది, దానివల్ల ముందు బేరింగ్ మొదటి ఏడాదిలోనే గరగరమంది. పలుచని వాషర్లు వేసి ఎత్తు సరిచేశాక, ప్రతి పరుగు తర్వాత ఒక చుక్క నూనె వేస్తూ వచ్చిన, దాని బదులు వేసిన బేరింగ్ ఇప్పటికీ నిశ్శబ్దంగా ఉంది. భారం పడగానే ఫ్లెక్స్ షాఫ్ట్ మెలిపడి కాస్త కురచవుతుంది కనుక ప్రొపెల్లర్ వైపు రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలడం మరవకూడదు.

మోటార్ వేగాన్ని నియంత్రించే స్పీడ్ కంట్రోలర్‌లో టైమింగ్‌ను (తీగచుట్టలకు కరెంటును ఎంత ముందుగా మార్చాలనే అమరికను) కనిష్ఠానికి దగ్గరగా ఉంచాను. పెంచి చూస్తే వేగం తెలిసీ తెలియనంత పెరిగింది, వేడి మాత్రం స్పష్టంగా తెలిసింది. కంట్రోలర్‌కు వేరే నీటి గొట్టం ఉండటమే మేలు. ఒకటే గొట్టమైతే నీరు ముందు కంట్రోలర్ గుండా వెళ్లి తర్వాత మోటార్‌కు చేరాలి.

పడవ ఆగితే జాకెట్‌లో నీరూ ఆగుతుంది, లోపలి వేడి అప్పుడే పైకి వస్తుంది. అందుకే చివరి నిమిషం సగం వేగంతో తిప్పి ఒడ్డుకు తెస్తాను. అయినా రెండు నిమిషాల తర్వాత టేపు మీద మళ్లీ చూస్తే అంకె ఐదారు డిగ్రీలు పెరిగి ఉంటుంది. అది దిగేదాకా రెండో బ్యాటరీ పెట్టను.