పార్క్ జిహా ‘కమ్యూనియన్’: నాదస్వరం విన్న చెవులకు కొరియా పీరి

కొరియా సంగీతం అనగానే తిరుపతి కాలేజీ పిల్లలు పాప్ బృందాల పేర్లే చెబుతారు. తాతల నాటి వాద్యాలను చేతబట్టి, వాటితో సరికొత్త రచనలు చేసి, విదేశీ వేదికలపై వినిపిస్తున్న కళాకారులు కూడా ఆ దేశంలో ఉన్నారు. వారిలో ఒకరైన పార్క్ జిహా ఆల్బమ్ ‘కమ్యూనియన్’ 2016లో కొరియాలో వెలువడింది. 2018లో జర్మనీకి చెందిన గ్లిట్టర్‌బీట్ సంస్థ దానిని బయటి దేశాల శ్రోతలకు అందించింది.

ఆమె ప్రధాన వాద్యం పీరి. జానెడుకు కాస్త మించిన సన్నని వెదురు గొట్టానికి, దానికి లావెక్కువేమో అనిపించే జంట రేకుల పీకను బిగిస్తారు. అంత చిన్న వాద్యం నుంచి అంత గట్టి నాదం ఎలా వస్తుందా అని ఆశ్చర్యం కలుగుతుంది. గోవిందరాజస్వామి ఉత్సవాల్లో నాదస్వరం వింటూ పెరిగిన వారికి ఇది పరాయి ధ్వనిగా తోచదు, ఎందుకంటే ఊపిరి ఒత్తిడితో, పెదవుల పట్టుతో స్వరాన్ని వంచి ఊపే ఆ పద్ధతి మన గమకానికి దగ్గరి చుట్టమే. అయితే మన విద్వాంసుడు రాగాన్ని విస్తరించుకుంటూ సాగిపోయే చోట, ఈమె ఒక్క స్వరం మీదే నిలిచి, అది సన్నబడి, వణికి, మళ్లీ బలం పుంజుకునే దాకా కదలదు. మొదటి రచన ‘త్రూఅవుట్ ద నైట్’లో బేస్ క్లారినెట్ మంద్రంలో నడుస్తుండగా పీరి పైనుంచి ఇలాగే పలుకుతుంది. ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

వెదురు పుల్లతో తీగలను మీటకుండా కొట్టి వాయించే యాంగ్‌గమ్, ఊపిరి పీల్చినా వదిలినా పలికే గొట్టాల వాద్యం సెంగ్‌హ్వాంగ్ కూడా ఈ ఆల్బమ్‌లో ఉన్నాయి. యాంగ్‌గమ్‌కు లోహపు పట్టీలను కొట్టి వాయించే వైబ్రఫోన్ తోడైనచోట ధ్వని మరీ తియ్యనై, పీరికి ఉన్న గరుకుదనం అణగిపోతుంది. విదేశీ శ్రోతకు సులువుగా రుచించాలన్న జాగ్రత్త అక్కడ ఎక్కువైందని నా అభిప్రాయం. ‘ఆల్ సోల్స్ డే’లో మాత్రం సాక్సఫోన్ రేగినప్పుడు ఆ జాగ్రత్త సడలి, సంగీతానికి వేడి పుడుతుంది.

నేను చందా కట్టే పాటల యాప్ ఈ ఆల్బమ్‌ను నిద్ర పట్టించే సంగీతం జాబితాలో పడేసింది, సహ వాద్యకారుల పేర్లు కూడా చూపలేదు. ఇది నేపథ్యంలో పెట్టుకునే సంగీతం కాదు. ఫోన్ స్పీకర్‌లో వింటే క్లారినెట్ మంద్రం దాదాపు మాయమవుతుంది కాబట్టి హెడ్‌ఫోన్ తప్పనిసరి. అన్ని వాద్యాలనూ జిహా తానే వాయించి పొరలుగా పేర్చిన 2019 నాటి తర్వాతి ఆల్బమ్ ‘ఫిలోస్’ ఇంకా నెమ్మదిగా నడుస్తుంది కనుక, కొత్తవారు ముందుగా ‘కమ్యూనియన్’ కొనుక్కోవడమే మేలు.