కుండీలో ఐరిస్: మన డాబా మీద ఏది నిలబడుతుంది?

ఐరిస్ పూల మొక్కల్లో, ఫొటోల్లో చూసి అందరూ మనసు పడేది బియర్డెడ్ ఐరిస్ మీదే, అంటే కింది రేకుల మీద గడ్డంలాంటి నూగు ఉండే రకం. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ దాని జోలికి వెళ్లొద్దనే చెప్తాను. చలికాలంలో కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితేనే అది మొగ్గ తొడుగుతుంది. పైగా దుంప పైభాగం మట్టిలో పూడకుండా ఎండ తగులుతూ ఉండాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా వానకి నానే మన కుండీల్లో ఆ దుంప కుళ్లిపోతుంది. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అని డబ్బులు పోసుకోకండి.

మనకి అసలు పోటీ లెపర్డ్ లిల్లీకీ, వాకింగ్ ఐరిస్‌కీ మధ్యే.

పేరులో లిల్లీ ఉన్నా, 2005లో లెపర్డ్ లిల్లీని ఐరిస్ ప్రజాతిలోనే చేర్చారు. నారింజ రంగు రేకులు, వాటి మీద ఎర్ర మచ్చలు. పువ్వు ఉండేది ఒక్కరోజే. సాయంత్రానికి తడిబట్ట పిండినట్టు మెలి తిరిగిపోతుంది, మర్నాడు పక్క మొగ్గ విచ్చుకుంటుంది. తర్వాత కాయ పగిలి, నల్లగా మెరిసే గింజలు గుత్తిగా చాలాకాలం అలాగే నిలిచి ఉంటాయి. పువ్వు కన్నా నాకు ఆ గింజలే ఇష్టం. దీనికి ఎండ బాగా తగలాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. పన్నెండు అంగుళాల మట్టి కుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల గత్తం కలిపితే చాలు. కాడలు రెండు మూడడుగులు లేస్తాయి కాబట్టి తుపాను కబురు వింటే కుండీని గోడ వారకి జరపండి.

వాకింగ్ ఐరిస్‌కి నీడ కావాలి. మిట్టమధ్యాహ్నం ఎండ పడితే ఆకుల కొసలు మాడిపోతాయి. తెలుపూ నీలం కలిసిన పువ్వు వాడాక, ఆ కాడ చివరే చిన్న పిలక పుడుతుంది. బరువుకి కాడ వంగినప్పుడు కింద ఇంకో కుండీ పెట్టి, పిలకని మట్టికి ఆనించి ఉంచితే వేళ్లు పట్టేస్తుంది. అప్పుడు కాడ కోసేయొచ్చు. ఒక్క మొక్క కొంటే చుట్టాలందరికీ పంచొచ్చు.

డాబా మీదకైతే నా ఓటు లెపర్డ్ లిల్లీకే. మెట్ల కిందో, తూర్పు ఎండ మాత్రమే వచ్చే బాల్కనీలోనో పెట్టుకునేవాళ్లకి వాకింగ్ ఐరిసే మేలు.

ఇదే కుటుంబంలోని గ్లాడియోలస్‌ని దసరా తర్వాత వచ్చే విజయనగరం సిరిమానోత్సవం వెళ్లాక, వానలు తెరిపిచ్చినప్పుడు నాటుకుంటే చలికాలంలోనే పూస్తుంది. కానీ కాడకి కర్ర కట్టాలి, ఆకులు పండాక దుంపలు తవ్వి ఆరబెట్టి దాచుకోవాలి. అంత ఓపిక ఉంటేనే తెచ్చుకోండి.