ఏఐ చేతికి వోల్టేజ్: రోజు మార్చి చూడాలా, సగం సగం చూడాలా?

వరంగల్ నిట్ లాంటి క్యాంపస్‌లో చిన్న గ్యాస్ డిటెక్టర్ (గ్యాస్ నింపి, దాని గుండా దూసుకెళ్లే కణాలను పట్టే పరికరం) పెట్టి, దాని హై వోల్టేజ్‌ను ఏఐకి అప్పగించాలంటే ముందు తేలాల్సింది పరీక్ష పద్ధతి. బయట గాలి ఒత్తిడి తగ్గితే లోపలి గ్యాస్ పలచబడి సిగ్నల్ పెరుగుతుంది. మామూలుగా వోల్టేజ్ కదపరు, డేటా వచ్చాక లెక్క సరిచేస్తారు. ఏఐ అయితే ఒత్తిడి, ఉష్ణోగ్రత చూసి, సిగ్నల్ నిలకడగా ఉండేలా వోల్టేజ్‌నే మారుస్తుంది.

మొదటి దారి: ఒకరోజు స్థిర వోల్టేజ్, మర్నాడు ఏఐ. వైరింగ్ తలనొప్పి లేదు. కానీ మే నెలాఖరులో హన్మకొండ సంగతి తెలిసిందేగా, మధ్యాహ్నం దాకా నిప్పులు, సాయంత్రానికి గాలిదుమారం. ఏఐ వంతు ప్రశాంతమైన రోజున పడితే ఊరికే మార్కులు కొట్టేస్తుంది.

రెండోది: ఒకే సమయంలో డిటెక్టర్‌లో ఒక సగం ఏఐకి, ఇంకో సగం స్థిరంగా. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో గ్లూఎక్స్ అనే కణభౌతిక ప్రయోగ బృందం 3,522 గొట్టాల డ్రిఫ్ట్ చాంబర్‌ను (ఇదీ కణాల దారిని పట్టే గ్యాస్ డిటెక్టరే) అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలతో ఇలాగే పరీక్షించింది. దుమారం వచ్చినా రెండింటికీ ఒకటే. కాకపోతే రెండు సగాలు అచ్చం ఒకేలా ఉండవు, మధ్యలో వంతులు మార్చాలి. కిరణాలకేం కొరత లేదు, చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు 1 మ్యూయాన్ (ఆ కిరణాల వల్ల గాలిలో పుట్టి నేల దాకా వచ్చే కణం).

నా ఓటు దీనికే, ఇంకో సప్లై ఛానెల్ ఖర్చు పెరిగినా సరే. ఏ దారైనా వోల్టేజ్ పై హద్దును మాత్రం ఏఐకి వదలకుండా హార్డ్‌వేర్‌లోనే బిగించాలి.