స్టెన్సిల్ ఫాంటు: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

ప్యాకింగ్ పెట్టెలకు, దుకాణాల బోర్డులకు, ప్రదర్శనల పోస్టర్లకు అక్షరాలు కూర్చే పనిలో స్టెన్సిల్ అనే ఇంగ్లిష్ ఫాంటును చాలా ఏళ్లుగా వాడుతున్నాను. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో పాటు లెక్కలేనన్ని కంప్యూటర్లలోకి చేరిన ఫాంటు కాబట్టి దీన్ని చూడనివారు అరుదు. వెతుక్కోకుండానే దొరికింది కనుక పుట్టినరోజు ఫ్లెక్సీ నుంచి పార్కింగ్ హెచ్చరిక దాకా అన్నిటికీ వాడేశారు గానీ, దాని నిర్మాణాన్ని శ్రద్ధగా చూసినవారు తక్కువ. అది చూడదగిన నిర్మాణం.

దీన్ని 1937లో అచ్చు అక్షరాలు తయారుచేసే అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థ కోసం జెరీ పావెల్ రూపొందించారు. అదే ఏడాది లడ్లో అనే అచ్చు యంత్రాల సంస్థ కోసం ఆర్. హంటర్ మిడిల్టన్ కూడా ఇదే పేరుతో మరో టైపును తెచ్చారు. నేటికీ ఎక్కువ వాడుకలో ఉన్నది పావెల్ రూపమే. అప్పటికే పెట్టెలు, పీపాలు, గోతాల మీద అక్షరాలు కోసిన రేకు (స్టెన్సిల్) పెట్టి రంగుతో వేసే రాత అందరికీ పరిచయం. మన ప్రాంతంలో రైసు మిల్లు గోతాల మీద, రైలు వ్యాగన్ల మీద కనిపించే రాత కూడా ఆ కోవలోదే. రేకులో ‘ఓ’ అక్షరాన్ని పూర్తిగా కోస్తే మధ్యనున్న ముక్క ఊడిపోతుంది కనుక దాన్ని పట్టి ఉంచడానికి అక్కడక్కడ సన్నని పట్టీలను కోయకుండా వదులుతారు. రంగు పూసినప్పుడు ఆ పట్టీలున్న చోట్లే గీత తెగినట్టు ఖాళీ మిగులుతుంది.

పావెల్ గొప్పతనం ఆ ఖాళీని రేకు అవసరానికి పరిమితం చేయకపోవడంలో ఉంది. లోపలి ముక్క ఊడిపోయే ప్రమాదమే లేని ‘సి’, ‘ఇ’ వంటి అక్షరాల్లోనూ కోత పెట్టి, వరుస మొత్తానికి ఒకే లయ తెచ్చారు. ‘ఓ’ను చూస్తే పైనా కిందా తెగి, ఎదురెదురుగా నిలిచిన రెండు బరువైన నెలవంకలుగా కనిపిస్తుంది. నిలువు గీతలు మందంగా, మూలలు కొద్దిగా గుండ్రంగా ఉండడం వల్ల అంత బరువులోనూ మొరటుతనం రాదు. సైనిక సామగ్రిని గుర్తుచేసే రూపమని దీన్ని చాలామంది ఆ ఒక్క గదిలోనే బంధిస్తారు. నా అనుభవంలో కాఫీ గింజల సంచికీ, వడ్రంగి పనిముట్ల దుకాణానికీ, రంగస్థల ప్రదర్శన పోస్టరుకూ ఇది అంతే సహజంగా ఒదిగింది.

ఇందులో చిన్నబడి (లోయర్‌కేస్) అక్షరాలు లేవు; ఏ మీట నొక్కినా పెద్దబడి (క్యాపిటల్) అక్షరమే పడుతుంది. కాబట్టి ఇది రెండు మూడు మాటల శీర్షికకే తప్ప వాక్యానికి పనికిరాదు. చిన్నబడి తప్పనిసరైన చోట గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే స్టార్డోస్ స్టెన్సిల్‌ను వాడుతున్నాను, అయితే పావెల్ అక్షరంలోని నిండుదనం దానిలో లేదు. నా దగ్గరున్న ప్రతిలో రూపాయి గుర్తు కూడా లేదు కనుక ధరల పట్టికకు వేరే దారి చూసుకోవాలి. ఆఫీస్‌తో వచ్చింది కదా అని ఫాంటు ఫైలును వెబ్‌సైట్‌లోకి ఎక్కించకూడదు. దానికి విడిగా లైసెన్సు ఉండాలి.

అక్షరాల మధ్య ఎడం విషయంలో అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరం. మామూలు బోల్డ్ ఫాంటులో అక్షరాలను దగ్గరకు జరిపితే మాట బిగువుగా కనిపిస్తుంది. ఇక్కడ అలా చేస్తే అక్షరం లోపలి ఖాళీ, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఉండే ఖాళీ ఒకే వెడల్పుకు వచ్చి, ఒక అక్షరపు కుడి సగం పక్క అక్షరంలో భాగమేమో అనిపిస్తుంది. అందువల్ల ఎడం ఎప్పుడూ లోపలి కోత కన్నా స్పష్టంగా ఎక్కువ ఉండేలా చూస్తాను. చిన్న సైజులో, ముఖ్యంగా సిరా పీల్చే ముతక కాగితం మీద, కోతలు పూడిపోయి అక్షరం మచ్చగా మిగులుతుంది. కంప్యూటర్లో ముందే తయారుచేసిన గీకుళ్లను, రంగు చిమ్మినట్టుండే మరకలను దీనిమీద అద్దడం నాకు ఏమాత్రం నచ్చదు. కోతలే చెప్పవలసినదంతా చెబుతున్నాయి.

నిజంగా రేకు కోయించి గోడమీదో చెక్కపెట్టెమీదో రంగు వేయాలనుకునేవారు ఈ ఫాంటును యథాతథంగా లేజర్ కటింగ్‌కు ఇవ్వకపోవడం మంచిది. ఇది అచ్చు కోసం గీసిన రూపం కనుక, అక్షరం చిన్నదైతే రేకులో మిగిలే పట్టీ మరీ సన్నబడి వంగుతుంది, దాని కిందికి రంగు పాకుతుంది. అక్షరాలను సవరించదగిన గీతల రూపంలోకి (అవుట్‌లైన్లుగా) మార్చి, కోతలను కొంచెం వెడల్పు చేసి ఇస్తే పని శుభ్రంగా వస్తుంది.

దీని పక్కన తెలుగు పెట్టవలసి వచ్చినప్పుడు తెలుగు అక్షరాలకూ ఇలాంటి కోతలే పెట్టాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. అది తేలికైన పని కాదు. మన లిపిలో ఖాళీ ఉండడం, లేకపోవడం కూడా అక్షరాన్ని నిర్ణయిస్తుంది: పైన మూసుకుని ఉండే ‘వ’కు అక్కడే కోత పెడితే ‘ప’గా చదువుతారు. సున్నాకూ ‘ర’కూ కోత ఎక్కడ ఉండాలో, ‘ఠ’ లోపలి చుక్క పక్కనుంచి పట్టీ ఎలా పోవాలో ఒక్కొక్క అక్షరానికీ విడిగా తేల్చుకోవాలి. తెలుగు ఎరిగిన టైపు రూపకర్త ఎవరైనా ఈ పని చేపడితే ఎంతో సంతోషిస్తాను. ప్రస్తుతానికి రామభద్ర ఫాంటును కోతలు లేకుండానే పక్కన వాడుతున్నాను. దాని మందం స్టెన్సిల్ బరువుకు సరిగ్గా తూగుతుంది, గుడింతాలకూ ఒత్తులకూ చోటు ఉండాలి గనుక తెలుగు పంక్తికి పైనా కిందా కొంత ఎక్కువ జాగా వదిలితే చాలు.