పత్తి ఆకుకు స్ట్రిప్పు మేలా, పీసీఆర్ మేలా?

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం పొద్దున్నే మా కాక నర్సంపేట బస్సు దిగి, తడిగుడ్డలో చుట్టిన పత్తి ఆకులతో హనుమకొండలోని మా ఇంటికి వచ్చాడు. సంచిలో నాలుగు పచ్చి కాయలు కూడా ఉన్నాయి. మంచినీళ్ళయినా తాగకుండా ఒక కాయను గోటితో చీల్చి నా ముందు పెట్టాడు. లోపల గింజను తొలుచుకుంటూ గులాబీ రంగు పురుగు.

"విత్తనం నకిలీది బిడ్డా. బీటీ అని పైసలు తీసుకుని ఉత్త పత్తి అంటగట్టాడు. నువ్వు కాలేజీలో చెప్పేవి ఈ పాఠాలే కదా, తేల్చి చెప్పు. దుకాణం వాడి ముందు పెడతాను."

తేల్చడానికి దారులు రెండు. ఒకటి స్ట్రిప్పు: కాయతొలుచు పురుగును చంపడానికి బీటీ మొక్క తయారుచేసే విష ప్రొటీను ఆకులో ఉందో లేదో యాంటీబాడీతో, అంటే ఒక పదార్థాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రొటీనుతో, పట్టి చూపించే కాగితపు పట్టీ. రెండోది పీసీఆర్: ఆ ప్రొటీనుకు మూలమైన జన్యువు మొక్కలో ఉందో లేదో డీఎన్‌ఏలోనే వెతికే పద్ధతి. స్ట్రిప్పు పది నిమిషాల పని, చేను గట్టు మీదే అయిపోతుంది. పీసీఆర్‌కు ల్యాబు, యంత్రం, చేయి తిరిగిన మనిషి, ఒక రోజు సమయం కావాలి; ఖర్చు చాలా రెట్లు ఎక్కువ. చేలో నిలబడి అనుమానం తీర్చుకోవడానికి స్ట్రిప్పే మేలని, తగాదా కాగితాల దాకా పోతే పీసీఆర్ మేలని నా లెక్క. కాకకు అదే చెప్పాను. ఆయన "రెండూ చెయ్యి" అన్నాడు.

ముందు స్ట్రిప్పు. కింది కొమ్మ నుంచి తెచ్చిన ముదురాకులో బొటనవేలి గోరంత ముక్క చించి, చిన్న గొట్టంలో వేసి, ద్రావణం పోసి, పుల్లతో పచ్చటి రసం వచ్చేదాకా నలిపి, పట్టీని నిలబెట్టాను. తడి మెల్లగా పైకి పాకింది. "ఆడవాళ్ళు గర్భం వచ్చిందా అని చూసుకునే పుల్ల లాగే ఉందే" అన్నాడు కాక. పోలిక కాదు, అది అక్షరాలా అదే పద్ధతి. అక్కడ గర్భిణి శరీరంలో పుట్టే హార్మోనును, ఇక్కడ క్రై1ఏసీ అనే ప్రొటీనును యాంటీబాడీలు రెండు పక్కల నుంచి పట్టుకుంటాయి. ఒక యాంటీబాడీకి బంగారు నలుసులు అంటించి ఉంటాయి కాబట్టి, పట్టుబడిన చోట ఎర్ర గీత పడుతుంది. పట్టీ పనిచేస్తున్నదని చెప్పే గీత అన్నిటికన్నా పైన వేరుగా ఉంటుంది.

పై గీత స్పష్టంగా పడింది. క్రై1ఏసీ గీత ఉందా లేదా అని వెలుతురుకు పెట్టి చూడాల్సి వచ్చింది. "చూశావా!" అని కాక లేవబోయాడు. కూర్చోబెట్టి, చివరి కొమ్మ మీది లేతాకుతో ఇంకో పట్టీ పెట్టాను. ఈసారి క్రై1ఏసీ గీత, దాని పక్కన క్రై2ఏబీ అనే రెండో విష ప్రొటీను గీత రెండూ దిట్టంగా వచ్చాయి. అంటే ఆయన కొన్నది బీటీయే. 2002లో మన దేశంలో అనుమతి పొందిన తొలి బీటీ పత్తిలో క్రై1ఏసీ ఒక్కటే ఉండేది. 2006లో వచ్చిన రెండో తరంలో రెండు ప్రొటీన్లు ఉంటాయి.

ఇక్కడే స్ట్రిప్పు బలం, బలహీనత రెండూ బయటపడతాయి. అది రాతను, అంటే జన్యువును చూడదు; చేతను, అంటే ఆ జన్యువు తయారుచేసిన ప్రొటీనును చూస్తుంది. జూన్‌లో వేసిన పత్తి వంద రోజులు దాటితే మొక్కలో క్రై1ఏసీ తయారీ తగ్గిపోతుంది. ఆకులో ఎక్కువగా, పూలలో, కాయ తొక్కలో తక్కువగా ఉంటుంది. ముదురాకు ఒక్కటి చూసి తీర్పు చెబితే మంచి విత్తనం అమ్మినవాడూ దొంగ అవుతాడు. పైగా యాంటీబాడీ ప్రొటీనే కదా. పట్టీలను మే నెల ఎండలో బండి డిక్కీలో మర్చిపోతే అవి పాడవుతాయి. పీసీఆర్‌కు ముదురాకు, లేతాకు తేడా లేదు. జన్యువు వేరులోనూ ఉంటుంది, ఆరిపోయిన గింజలోనూ ఉంటుంది.

ఈ రెండు పరీక్షల స్వభావం ఇంత వేరుగా ఉండడానికి కారణం జోడు కలిసే తీరు. పాఠ్యపుస్తకాల్లో సంపూరకత అంటారు. ఒకదాని లోటును ఇంకొకటి పూడ్చేలా రెండు అణువులు ఒదిగిపోవడం. డీఎన్‌ఏలో ఇది అక్షరాల లెక్క. నాలుగే అక్షరాలు, ఏ ఎదురుగా టీ, జీ ఎదురుగా సీ. మొదటి జతను రెండు హైడ్రోజన్ బంధాలు, రెండో జతను మూడు బంధాలు కలిపి ఉంచుతాయి. ఒక పోగు తెలిస్తే రెండో పోగును కళ్ళు మూసుకుని రాయవచ్చు. వాట్సన్, క్రిక్ 1953లో చెప్పిన నిర్మాణపు గొప్పతనమంతా అందులోనే ఉంది.

పీసీఆర్ బతికేది ఆ లెక్క మీదే. బీటీ జన్యువులో ఒక ఇరవై అక్షరాల ముక్కను ఎంచుకుని, దానికి జోడు ముక్కను తయారుచేయించి ఆకు డీఎన్‌ఏలో కలుపుతాం. నాలుగు అక్షరాలతో ఇరవై స్థానాలు నింపితే దాదాపు లక్షా పదివేల కోట్ల రకాలు వస్తాయి. పత్తి మొక్క మొత్తం డీఎన్‌ఏ సుమారు 250 కోట్ల అక్షరాలు. కాబట్టి ఆ ముక్క పొరపాటున ఇంకో చోట పూర్తిగా అతుక్కునే అవకాశం చాలా తక్కువ. పైగా అలాంటి ముక్కలు రెండు, అటొకటి ఇటొకటి, సరైన దూరంలో కుదరాలి. కుదిరితే వేడి చేసి పోగులు విడదీయడం, చల్లార్చి జోడు కలపడం, మళ్ళీ నకలు తీయడం. ముప్ఫై విడతలు సజావుగా సాగితే ఒక ముక్క వంద కోట్లు దాటుతుంది. 1983లో కేరీ మల్లిస్‌కు వచ్చిన ఈ ఆలోచన ఆయనకు 1993లో నోబెల్ తెచ్చింది.

యాంటీబాడీ జోడు అలాంటిది కాదు. అక్కడ అక్షరాలు లేవు, ఆకారం ఉంది: గుంటలో బొడిపె కూర్చోవడం, ధన విద్యుదావేశం ఎదురుగా రుణ విద్యుదావేశం. ఒక ప్రొటీను చేతికిచ్చి దీనికి సరిపోయే యాంటీబాడీని కాగితం మీద రాయమంటే, ఏ ఎదురుగా టీ అన్నంత సులువైన సూత్రం ఏదీ లేదు. అతకడంలోనూ అవునా కాదా అని ఉండదు. గట్టిగా, వదులుగా, అంతంతమాత్రంగా అని మెట్లుంటాయి.

జోడు సూత్రాన్ని 1940లో తేటగా చెప్పినవాళ్ళు లైనస్ పాలింగ్, మాక్స్ డెల్‌బ్రుక్. జీవకణంలో ఒకేలాంటివి ఒకదాన్నొకటి లాక్కోవు, ఒకదానికొకటి పూరకంగా ఉన్నవే అంటుకుంటాయని ఒక చిన్న వ్యాసంలో వాదించారు. విచిత్రం ఏమిటంటే, ఆ పాలింగే రెండు చోట్లా తడబడ్డాడు. 1953 మొదట్లో డీఎన్‌ఏకు మూడు పోగులని ప్రతిపాదించాడు. యాంటీబాడీ విషయంలోనేమో, శరీరంలోకి వచ్చిన శత్రువు చుట్టూ ముడుచుకుని యాంటీబాడీ ఆ ఆకారం తెచ్చుకుంటుందన్నాడు. అంటే దర్జీ కొలత తీసుకుని చొక్కా కుట్టినట్టు. నిజానికి జరిగేది వరంగల్ చౌరస్తాలో రెడీమేడ్ బట్టల కొట్టుకు వెళ్ళినట్టు. శరీరం ముందే లెక్కలేనన్ని కొలతల చొక్కాలు కుట్టి పెట్టుకుంటుంది. వచ్చినవాడికి ఏది పడితే దాన్ని ఎంచుకుని, ఆ కణాన్నే వేల సంఖ్యలో పెంచుతుంది. 1957లో మెక్‌ఫర్లేన్ బర్నెట్ చెప్పింది ఇదే. అన్ని కొలతలకు గుడ్డ ఎక్కడిది అన్న ప్రశ్నకు 1976లో సుసుము తొనెగావా జవాబు చూపించాడు: జన్యు ముక్కలను పేకల్లా కలిపి పంచడం. ఎంపికయ్యాక భుజం దగ్గర, నడుము దగ్గర చిన్న సవరణలు జరిగి చొక్కా ఇంకా బాగా పడుతుంది. పాపం పాలింగ్ దర్జీకి ఆ మేరకు చోటుంది.

వానకాలం జ్వరాల పరీక్షల్లోనూ ఇదే తేడా. డెంగీ అనుమానంతో మొదటి ఐదు రోజుల్లో వెళితే పీసీఆర్ వైరస్ రాతను పట్టి, నాలుగు రకాల్లో ఏదో కూడా చెప్పగలదు. ఎన్ఎస్1 పరీక్ష వైరస్ ప్రొటీనును యాంటీబాడీతో పడుతుంది. అదీ ఆ తొలి రోజుల్లోనే నయం. ఐదో రోజు దాటితే మన ఒంట్లో పుట్టిన ఐజీఎం యాంటీబాడీ కోసం వెతకాలి. కార్డు పరీక్ష కన్నా ల్యాబులో చేసే ఎలైసా పరీక్ష నమ్మదగింది. ఆకారపు జోడు వదులుగానైనా అతుకుతుంది కాబట్టి, డెంగీకి చుట్టాలైన వైరస్‌ల యాంటీబాడీలు కూడా అప్పుడప్పుడు పరీక్షను తికమక పెడతాయి.

మళ్ళీ పత్తి దగ్గరికి వస్తాను. పీసీఆర్‌కు ఆకులను ఒక మిత్రుడి ల్యాబులో ఇచ్చాం. మొదటి సారి ఏమీ రాలేదు. పత్తి ఆకులో జిగురు, వగరు పదార్థాలు ఎక్కువ. అవి డీఎన్‌ఏతో పాటు వచ్చి నకలు తీసే ఎంజైమును పడుకోబెడతాయి. బీటీ కాని పత్తిలో కూడా తప్పక ఉండే ఒక జన్యువును పక్కన పరీక్షించకపోతే, "జన్యువు లేదు" అని రాసిచ్చేవాళ్ళమే. ఆ జన్యువూ కనబడకపోవడంతో తప్పు మాదేనని తెలిసింది. రెండో రోజు డీఎన్‌ఏను శుభ్రంగా తీస్తే రెండు జన్యువులూ కనబడ్డాయి. పీసీఆర్ కాగితానికి కోర్టులో విలువ ఎక్కువే గానీ, ఆ కాగితం వెనక ఇంత తంటా ఉందని గుర్తుంచుకోవాలి. ఇంకో పొరపాటు దీనికి ఎదురు: పక్క నమూనా తుంపర ఒకటి పడినా వంద కోట్లయి కూర్చుంటుంది.

"అయితే విత్తనం మంచిదే. మరి ఈ పురుగు?" అన్నాడు కాక. అసలు ప్రశ్న అదే. దానికి స్ట్రిప్పు చాలదు, పీసీఆరూ చాలదు. రెండూ మొక్కను అడుగుతాయి; పురుగును అడగవు.

క్రై ప్రొటీను పురుగును చంపేదీ జోడు కలిసే. పురుగు పేగు గోడ మీద క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీను ఉంటుంది. క్రై1ఏసీ దానికి అతుక్కున్నాకే పేగుకు చిల్లులు పడతాయి. ఆ క్యాడ్‌హెరిన్ జన్యువు చెడి ఆకారం మారితే విషం తగులుకునే కొక్కెం పోతుంది. మన దేశంలో గులాబీ రంగు పురుగు క్రై1ఏసీకి లొంగడం లేదని 2010లో గుజరాత్ పత్తి నుంచి వెల్లడైంది. తర్వాత కొన్నేళ్ళకు వేరే ప్రొటీనులో మార్పుతో క్రై2ఏబీనీ తట్టుకుంది. కాక చేలో జరిగింది అదే.

జన్యుశాస్త్రంలో సంపూరకతకు ఇంకో అర్థం కూడా ఉంది, ఇక్కడ అదే కొంప ముంచింది. క్యాడ్‌హెరిన్ చెడిన గుణం అంతర్గతం, అంటే రెండు నకళ్ళూ చెడితేనే బయటపడేది. తల్లి నుంచి చెడిన నకలు, తండ్రి నుంచి మంచి నకలు వస్తే, మంచిది లోటు పూడుస్తుంది. కొక్కెం ఉంటుంది, పురుగు చస్తుంది. అందుకే 450 గ్రాముల బీటీ పొట్లంతో 120 గ్రాముల నాన్‌బీటీ విత్తనం ఇచ్చి, చుట్టూ ఐదు వరుసలో, పొలంలో ఐదో వంతో వేయమనేవారు. అక్కడ పెరిగిన మామూలు రెక్కల పురుగులు, తట్టుకునే వాటితో జతకట్టాలని ఉద్దేశం. రెండు పక్కలా చెడిన నకళ్ళే వస్తే, ఒకదాని తప్పు ఒక చోట, ఇంకొకదాని తప్పు మరో చోట ఉన్నా లాభం లేదు. జన్యువు ఒకటే కాబట్టి లోటు పూడదు, పిల్ల పురుగు బతికేస్తుంది. "ఆ చిన్న పొట్లమా? గట్టు మీద పారేసేవాళ్ళం" అన్నాడు కాక. మా నాన్నా అంతే.

దుకాణం వాడి మీదికి వెళ్ళడం మానుకున్నాడు గానీ, ఆ ఆదివారం ఖాళీ చేతులతో పంపలేదు. లింగాకర్షక బుట్టలు నాలుగు ఇచ్చాను. ఆడపురుగు వాసనకు నకలు పెట్టి మగపురుగును రప్పించే బుట్టలు అవి. ఆ వాసన అణువు మగపురుగు మీసాల్లోని గ్రాహకంలో ఒదుగుతుంది. క్రై విషానికి తలుపు మూసుకున్న పురుగు ఈ తలుపు మూసుకుంటే జత దొరకదు. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున పడితే మందు కొట్టక తప్పదని, డిసెంబరు దాటాక పంట ఉంచవద్దని చెప్పి పంపాను.

బుధవారం పొద్దున ఫోను చేశాడు. "బిడ్డా, తొలిరోజు తొమ్మిది. నిన్న ఎనిమిది. ఇవాళ పదకొండు."

"నాలుగు బుట్టల్లో కలిపా కాకా?"

"ఒక్కో దాంట్లో."