పదేళ్ల తరువాత ఇస్తాంబుల్, ఒక చెంబు స్నానం

2014లో మొదటిసారి ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు ఒక టర్కీ లీరాకు దాదాపు ఇరవై ఎనిమిది రూపాయలు పెట్టాం. 2024 అక్టోబరులో మళ్లీ వెళ్లేసరికి అదే లీరా రెండున్నర రూపాయలకు పడిపోయింది. ఊరంతా చవకైపోయి ఉంటుందని లెక్కలు వేసుకుంటూ దిగాను. విమానాశ్రయంలో కాఫీ ధర చూడగానే ఆ లెక్కలన్నీ మడిచి సంచీలో పెట్టుకున్నాను. లీరా ఎంత కిందికి జారిందో ధరలూ దాదాపు అంత పైకి పాకాయి. పైగా విదేశీయులు వెళ్లే చోట్ల చాలావరకు యూరోల్లోనే అడుగుతున్నారు.

ఈసారి నాతో వచ్చింది మా అక్క. డాలస్‌లో ఉన్న ఆమె కొడుకు దగ్గరికి వెళ్లి ఇద్దరం తిరిగి వస్తూ నాలుగు రోజులు ఆగాం. అమెరికా వీసా ఉండడంతో ఇంట్లో కూర్చునే ఈ-వీసా తీసుకోగలిగాం. అక్కకు అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పి, పూర్తి శాకాహారం. 'కోటలూ గుమ్మటాలూ నాకు వద్దే, ఎక్కడైనా కూర్చోబెట్టు చాలు' అని ముందే షరతు పెట్టింది. ఆ షరతు వల్లే ఈ ప్రయాణం బాగుపడిందని ఇప్పుడు అనిపిస్తోంది.

మొదటిసారి మావారూ నేనూ సుల్తానహ్మెత్‌లో దిగాం. చర్చిగా మొదలై మసీదైన అయా సోఫియా, నీలి మసీదు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాయి. ఆ పేటకున్న సుగుణం అదొక్కటే. చీకటి పడ్డాక అక్కడ ఊరివాళ్లు కనిపించరు. తివాచీల దుకాణాలవాళ్లు, భోజనానికి రమ్మని దారికి అడ్డం నిలబడే కుర్రాళ్లు తప్ప. అందుకే ఈసారి బోస్ఫరస్ జలసంధికి ఆవలి గట్టున, ఆసియా వైపున్న కదికోయ్‌లో చిన్న హోటల్ తీసుకున్నాను. లిఫ్టు ఉందా అని అడిగితే ఉందన్నారు. ఉంది, మూడో అంతస్తు దాకా. మా గది నాలుగో అంతస్తులో. ఆ పదహారు మెట్లు ఎక్కిన ప్రతిసారీ అక్క నన్ను తలచుకుంటూనే ఉంది. వేడినీళ్లు కూడా వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడే వచ్చేవి. పొద్దుటి ఫలహారానికి మాత్రం వంక పెట్టలేం. ఆలివ్ కాయలు, రెండు మూడు రకాల చీజ్, నువ్వులద్దిన సిమిత్ రొట్టె, తేనెలో తేలుతున్న కైమాక్. కైమాక్ అంటే మన మీగడే, కాకపోతే పెరుగు ముక్కలా కోసి పెట్టేంత గట్టిది.

కదికోయ్‌లో ఉండడానికి అసలు కారణం పడవలు. ఇస్తాంబుల్ కార్ట్ అనే ఒకే కార్డుతో ట్రాము, మెట్రో, బస్సు, పడవ అన్నీ ఎక్కవచ్చు. సముద్రం అడుగు నుంచి వెళ్లే మర్మరాయ్ రైలు 2013 నుంచీ ఉంది, తొందరగా దాటిస్తుంది. కానీ తొందరపడి సొరంగంలోంచి వెళితే ఇక ఆ ఊరికి రావడం ఎందుకు? పడవలో ఇరవై నిమిషాలు. నడుము సన్నబడిన చిన్న గాజు గ్లాసులో చాయ్ తెచ్చి ఇస్తారు. సముద్రపు కాకులు రెక్క కదపకుండా పడవతో పాటే వస్తుంటాయి. అక్క రెండో రోజే సిమిత్ ముక్కలు విసరడంలో చెయ్యి తిరిగిన మనిషైపోయింది. మూడో రోజు పనేమీ లేకపోయినా అటు వెళ్లి, దిగకుండానే మళ్లీ ఇటు రావచ్చా అని అడిగింది.

కదికోయ్ జిల్లాలోనే గోజ్‌తెపె అనే పేట ఉంది. హైదరాబాద్ ఆసిఫ్‌జాహీల ఇంటికి కోడలుగా వచ్చిన నీలోఫర్ 1916లో అక్కడే పుట్టింది. ఆమె పేరు మీదున్న ఆసుపత్రిలోనే మా అక్క కొడుకు నెలల పిల్లవాడిగా పన్నెండు రోజులు ఉన్నాడు. ఆ సంగతి చెప్పాక అక్క ఆ పేట పేరున్న స్టేషన్ బోర్డు ముందు నిలబడి ఫోటో తీయించుకుని, డాలస్‌కు పంపింది. ఇస్తాంబుల్‌లో ఆమె తనంతట తాను అడిగి తీయించుకున్న ఫోటో అదొక్కటే.

అయా సోఫియా గురించి రెండు మాటలు. మేం మొదట చూసినప్పుడు అది మ్యూజియం, కింద నడిమి హాలులో ఎంతసేపైనా తిరగనిచ్చారు. 2020లో మళ్లీ మసీదయింది. 2024 జనవరి నుంచి విదేశీ సందర్శకులను విడిగా పై అంతస్తు గ్యాలరీకే పంపుతున్నారు, టికెట్టు 25 యూరోలు. ఎప్పుడూ చూడనివారు తప్పక వెళ్లాలి, ఆ గుమ్మటం కింద నోట మాట రాదు. ఒకసారి చూసినవారు బయటి బల్ల మీద కూర్చుని చూసినా నష్టం లేదు. మేం అలాగే చేశాం. పక్కనే నేల కింద ఉన్న బైజాంటిన్ కాలపు నీటి తొట్టి, 336 స్తంభాల యెరెబతాన్, మరమ్మతుల తరువాత 2022లో తెరిచారు. అక్కడ మెట్లు దిగాలి అనగానే అక్క సంభాషణ ముగించింది.

ఇక హమామ్, అంటే అక్కడి పాతకాలపు స్నానశాల. ఆ పేరు వినగానే అక్క 'సబ్బు కదా?' అంది. మన ఇళ్లలో ఆ పేరుతో తెలిసింది సబ్బే మరి. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఒక పాత హమామ్ ఉంది కానీ అది శవాలకు స్నానం చేయించిన చోటు. ఆ ముక్క నేనే నోరు జారి చెప్పాను, దాంతో ఒప్పించడం మరింత కష్టమైంది.

పదేళ్ల కిందట నాకైన అనుభవమూ గొప్పది కాదు. అప్పుడు దిగిన హోటల్ నేలమాళిగలోనే 'టర్కిష్ బాత్' ఉందంటే నమ్మి వెళ్లాను. నిన్న మొన్న అతికించిన పలకలు, ఇరవై నిమిషాల తంతు, ఆపైన నూనె మర్దనా కూడా చేయించుకోమని ఒకటే నస. ఆ సమయానికి తోప్‌హానే అనే పేటలో కిలిచ్ అలీ పాషా హమామ్ ఏడేళ్ల పునరుద్ధరణ ముగించుకుని, 2012 నుంచి తెరిచే ఉంది. ట్రాములో దాని ముందు నుంచి నాలుగుసార్లు పోయాం కూడా.

ఈసారి అక్కను అక్కడికే తీసుకెళ్లాను. 1580లలో టర్కీ సుల్తానుల ఆస్థాన వాస్తుశిల్పి సినాన్ తన వార్ధక్యంలో కట్టిన స్నానశాల అది. కట్టించిన కిలిచ్ అలీ పాషా ఇటలీలో పుట్టి, చిన్నతనంలో సముద్రదొంగలకు చిక్కి, తెడ్లు వేసే బానిసగా మొదలై ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యపు నౌకాదళాధిపతి అయ్యాడు. పక్కనే అతని మసీదు. పగలు సాయంత్రం నాలుగు దాకా ఆడవాళ్లకు, ఆ తరువాత మగవాళ్లకు. ముందుగా బుక్ చేసుకోకపోతే చోటు దొరకడం కష్టం. ఖర్చు మా హోటల్ గది ఒక రోజు అద్దెంత అయింది, మనిషికి.

ముందు జామెకాన్ అనే ఎత్తయిన హాలు. చెక్క వసారాలు, పైన పెద్ద గుమ్మటం, చేతికి చల్లని షర్బత్. బట్టలు మార్చుకుని పెష్తెమాల్ అనే పలచని తువ్వాలు చుట్టుకోవాలి. లోపలి బట్ట ఒకటి వాళ్లే ఇస్తారు, మిగతాది మన మొహమాటాన్ని బట్టి. అక్క తువ్వాలును రెండు చేతులతో బిగించి పట్టుకుని 'ఈ వయసులో నన్నెక్కడికి తెచ్చావే' అని గొణుగుతుండగానే నాతిర్ వచ్చింది. స్నానం చేయించే ఆవిడను నాతిర్ అంటారు. యాభై ఏళ్ల బలమైన మనిషి, ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు. అక్క చెయ్యి పట్టుకుని, తడి నేల మీద పసిపిల్లను నడిపించినట్టు తీసుకుపోయింది.

లోపల వేడి గది నడుమ పాలరాతి తిన్నె. దాన్ని గొబెక్ తాషి అంటారు, బొడ్డురాయి అని అర్థం. మన ఊళ్ల నడుమా బొడ్డురాయి ఉంటుంది కదా. కింద నుంచి వేడెక్కిన ఆ రాయి మీద వెల్లకిలా పడుకుంటే, గుమ్మటానికి పొదిగిన గుండ్రటి అద్దాల్లోంచి వెలుతురు కడ్డీల్లా దిగుతుంది. ఆ అద్దాలను ఏనుగు కళ్లంటారట. పావుగంటకు ఒళ్లంతా చెమట. అప్పుడు గోడవారన కుర్నా అనే రాతి తొట్టి పక్కన కూర్చోబెట్టి, కెసె అనే గరుకు చేతిసంచి తొడుక్కుని రుద్దుతారు. మట్టి నల్లటి ఒత్తుల్లా రాలుతుంటే సిగ్గేసింది. రోజూ రెండు పూటలా స్నానం చేస్తానని గొప్పలు చెప్పుకునేదాన్ని.

ఆ తరువాత ఒక గుడ్డసంచిని సబ్బునీటిలో ముంచి, గాలి పట్టించి పిండింది. నురగ మబ్బులా మీద పడింది. తలంటింది, వేళ్లు విరిచింది, లోహపు గిన్నెతో ధారగా నీళ్లు పోసింది. కుర్నాకు అడుగున కంత ఉండదు, అందులో ఎవరూ దిగరు. ముంచుకుని పోసుకోవడమే, సబ్బునీరు అందులో పడకూడదు. అక్క కళ్లు మూసుకునే 'ఇది మన చెంబు స్నానమే కదే' అంది. నలుగు పెట్టి, కుంకుడు పులుసుతో తలంటి, కాగులోంచి చెంబు మీద చెంబు గుమ్మరించే అమ్మమ్మ ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అమ్మమ్మ అయితే కళ్లలో మంటంటే వీపు మీద ఒకటి వేసేది. ఈవిడ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి పోసింది.

దంపతులుగా వెళ్లేవారికి 1741 నాటి జాలోలు హమామ్ అనుకూలం. అక్కడ ఆడా మగా భాగాలు వేరువేరుగా ఉండడంతో ఇద్దరూ ఒకే వేళకు వెళ్లవచ్చు. పేటల్లోని మామూలు హమామ్‌లు ఇంకా చవక. అయితే సబ్బూ సంచీ మనమే తీసుకెళ్లాలి, సైగలతో నెట్టుకురావాలి. ఎక్కడికి వెళ్లినా కడుపు నిండా తిని వెళ్లవద్దు. నాతిర్‌కు విడిగా బక్షీసు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

బయటికి వచ్చాక ఇద్దరికీ నకనకలాడే ఆకలి. దగ్గర్లో మెర్జిమెక్ చోర్బా తాగాం, పప్పుచారుకు దూరపు చుట్టం. శాకాహారులు అందులో మాంసం ఉడికించిన నీళ్లు కలిపారేమో అడగాలి. 'ఎత్‌సిజ్' అంటే మాంసం లేనిదని అర్థం. ఆ నాలుగు రోజుల్లో అక్క నేర్చుకున్న టర్కిష్ మాట అదొక్కటే, కానీ నాతిర్‌కు వీడ్కోలు చెప్పేటప్పుడూ అదే వాడింది.

చివరి రోజు ఎమినోను బజారులో అక్క రెండు కెసెలు కొంది. ఒకటి నాకేనంది. ఇంకా ఇవ్వలేదు.